ఎముకలు లేని కంచుకము: పావగడ సీమలో రవిక

తుముకూరు జిల్లాకు చేరిన పావగడ తాలూకాకు మూడు ప్రక్కల ఆంధ్రప్రదేశపు నేల గలదు. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు ఈ సీమ మైసూరు రాష్ట్రముననే నిలిచినది. 1973లో ఆ రాష్ట్రము కర్ణాటకమను పేరు పొందినది. పాలనాభాష కన్నడమైనను ఇక్కడి ఇండ్లలో తెలుగు విరివిగా వినవచ్చును. ఇట్టి సరిహద్దు సీమల చరిత్రకు శాసనములే కాక ఇంటిలోని వస్తువులును సాక్ష్యము పలుకును. పేరంటమునకు వచ్చిన ముత్తైదువకు తాంబూలముతో నిచ్చు బట్టను తెలుగువారు రవికగుడ్డ యందురు. కన్నడిగులు రవికె కణ మందురు. బట్ట యొకటే, మర్యాద యొకటే. పేరును ఇంచుమించు ఒకటే.

ఈ రవికను గూర్చి ఒక అభిప్రాయము లోకమున వ్యాపించి యున్నది. ఆంగ్లేయుల రాకకు పూర్వము దక్షిణదేశ స్త్రీలు కుట్టిన వస్త్రము నెరుగరనియు, రవిక దొరసానుల ఉడుపునుండి పుట్టినదనియు దాని సారాంశము. ఇందలి నిజానిజములను తేల్చుటకు దొరసానుల ఉడుపు నిర్మాణమును, మన రవిక నిర్మాణమును ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను.

ఐరోపా స్త్రీలు రొమ్మునుండి నడుము వరకు బిగించుకొనిన ఉడుపునకు కార్సెట్టని పేరు. దాని బిగువు బట్టవలన వచ్చినది కాదు, బట్టలో దాచిన బద్దలవలన వచ్చినది. రెండు పొరల బట్టను నిలువుగా కుట్టి, సన్నని గొట్టములవంటి సందులు చేసి, వానిలో బద్దలు దూర్చుచుండిరి. 1603లో మరణించిన ఇంగ్లండు రాణి మొదటి ఎలిజబెత్తు ప్రతిమకు తొడిగిన ఇట్టి ఉడుపు లండను నగరమున వెస్ట్‌మినిస్టర్ ఆబీలో నేటికిని భద్రముగా నున్నది. ఈ బద్దలను తిమింగిలపు ఎముకలని వ్యవహరించిరి గాని, అవి నిజముగా ఎముకలు కావు. కొన్ని జాతుల తిమింగిలముల పైదవడనుండి దువ్వెనవలె వ్రేలాడు పలకలవి. మన గోళ్లు, కొమ్ములు ఏ పదార్థముతో నేర్పడినవో అవియు దానితోనే యేర్పడినవి. తిమింగిలములు తరిగి బద్దల వెల పెరుగగా ఉక్కుబద్దలు వాడుకలోనికి వచ్చినవి. 1883లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున వారెన్ అను వర్తకుడు టర్కీకోడి ఈకల కాడలతో బద్దలు చేయించి అమ్మెను.

ఈ బద్దలు ఎల్లకాలము నిలుచునవి కావు. తిమింగిలపు బద్ద పెళుసెక్కి విరుగును. ఉక్కుబద్ద చెమటకు త్రుప్పు పట్టును. విరిగిన మొన బట్టను చీల్చి శరీరమున గ్రుచ్చుకొనును. అందువలన బద్దలు మార్చుట ఇంటి పనులలో నొకటి యయ్యెను. సందు చివరి కుట్టు విప్పి పాత బద్దను లాగివేసి, క్రొత్తదానిని సందుకంటె కొంచెము పొట్టిగా కోసి, మొనలను గుండ్రముగా నరుగదీసి దూర్చి, మరల కుట్టువేయుచుండిరి. పొట్టిగా కోయకున్న బద్ద చివర కుట్టును త్రోసికొని వెలికి వచ్చును. నేడును ఇట్టి ఉడుపులు కుట్టుకొను అభిరుచి గలవారు విద్యుత్తీగలను కట్టు ప్లాస్టిక్ పట్టీలను కోసి బద్దలుగా వాడుచున్నారు.

ఇక మన సీమ సంగతి. పావగడకు ఆగ్నేయమున, నేటి శ్రీ సత్యసాయి జిల్లాలో లేపాక్షి యున్నది. అచ్యుతదేవరాయల (1529-1542) కాలమున విరూపణ్ణ కట్టించిన వీరభద్రాలయపు కప్పుమీది చిత్రములు నాటి ఉడుపులకు అద్దము పట్టుచున్నవి. పురుషుల తలలపై నిలువెత్తు కుళ్లాయిలు, ఒంటిపై కబాయిలు కానవచ్చును. ఈ రెండు పేర్లును పారసీక, అరబ్బీ భాషలనుండి వచ్చినవి. స్త్రీలు అంచుల చీరెలతో పాటు కురచ రవికలు ధరించి కనుపింతురు. ఎలిజబెత్తు ప్రతిమ ఉడుపునకు ఇవి దాదాపు డెబ్బది యేండ్లు పెద్దవి. పదముల సాక్ష్యము ఇంకను ప్రాచీనము. అమరకోశము చోల, కూర్పాసక పదములను ఒకచోట పర్యాయములుగా చెప్పినది. ఆ కూర్పాసకమే తెలుగున కుప్పసము, కన్నడమున కుప్పస. కాబట్టి కుట్టిన రవిక మనకు దొరసానులు నేర్పినది కాదు.

నిర్మాణమును చూచినను ఇదే తేలును. పాత ముడిరవికలో బద్ద లేదు. ముందరి రెండు భాగముల కొసలను రొమ్ము క్రింద ముడివేయుటచే బిగువు కలుగును. చంక క్రింద వేరు ముక్క వేయుటచే చేయి పైకెత్తినను బట్ట చినుగదు. బాగలకోట జిల్లా గుళేదగుడ్డలో నేయు ఖణము రవికకే యుద్దేశించిన బట్ట. బద్దల ఉడుపును తరచుగా ఉతుకుట కష్టము. రవికను నిత్యము ఉతికి ఆరవేయవచ్చును. ఎండలో వేరుసెనగ చేనున వంగి పనిచేయు స్త్రీకి బద్దల ఉడుపు పనికిరాదు. రవికకును ఇంటి మరమ్మతు గలదు: కుట్టులోపల విడిచిన బట్టను విప్పి వదులు చేయుట, చివికిన చంకముక్కను మార్చుట, ఊడిన హుక్కును మరల కుట్టుట. కార్సెట్టు శరీరమును తన కొలతకు లొంగదీయును; రవిక మారిన శరీరమునకు తాను లొంగును.

అయినచో ఆంగ్లేయుల ప్రభావము లేదా? ఉన్నది, దానిని దాచరాదు. జాకెట్టు అను పేరు, హుక్కులు, కాలరులు, బుట్టచేతులు వారి కాలమున వచ్చినవే. మొదటి భారతీయ ఐ.సి.ఎస్. అధికారి సత్యేంద్రనాథ ఠాకూరు భార్య జ్ఞానదానందిని 1860ల దశకమున బొంబాయిలో పారసీ స్త్రీల కట్టును నేర్చి బంగాళమున వ్యాపింపజేసెను. కుట్టుయంత్రముల రాకతో క్రొత్త తీరులు పల్లెలకును ప్రాకినవి. వచ్చినవి అలంకారములు, బిగింపులు. రవిక మూలము కాదు. ఐరోపా స్త్రీలే క్రమముగా బద్దలను విడిచిరి. 1914లో అమెరికాలో మేరీ ఫెల్ప్స్ జేకబ్ రెండు చేతిరుమాళ్లతో బద్దలు లేని లో-ఉడుపు చేసి పేటెంటు పొందినది.

రవిక ప్రాచీనమని గర్వించుటతో చరిత్ర ముగియదు. అది అందరిది కాకుండెను. కొన్ని కులములలో భర్త మరణించిన స్త్రీ రవిక విడువవలసి యుండెను. పల్లెలలో పెక్కుమంది వృద్ధస్త్రీలు ఇరువదవ శతాబ్దమునను కొంగు మాత్రమే కప్పుకొనిరి. అది కొందరికి ఆచారము, కొందరికి లేమి. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు పైబట్ట ధరించు హక్కునకై దశాబ్దములు పోరాడగా 1859లో రాజశాసనము వెలువడినది. లేపాక్షి చిత్రములలోని రవిక దేవతలకును, రాజపరివారమునకును చెందినది. చేనిలోని స్త్రీకి అది చేరుటకు శతాబ్దములు పట్టినది.

కాబట్టి రవిక పరులిచ్చినదనుట ఎంత పొరపాటో, అనాదిగా అందరికి నున్నదనుటయు అంత పొరపాటు. ఉడుపు మనది, దానిని అందరిదిగా చేసినది ఇటీవలి కాలము. పావగడ ఇంట ముత్తైదువ చేతిలో బెట్టు రవికగుడ్డ, భర్తలేని స్త్రీ చేతిలోను అదే మర్యాదతో పెట్టబడిననాడు ఈ ఉడుపు చరిత్ర పరిపూర్ణమగును.