సైనిక పతకాల నమోదు సవరణ (అమెరికా)

అమెరికా సైనికుడు సంపాదించిన పతకం, సర్వీసు ముగిశాక ఇచ్చే డీడీ 214 పత్రంలో నమోదు కాకపోతే చేర్పించే ప్రక్రియ. సాధారణంగా పాత పత్రాన్ని తిరగరాయరు. డీడీ 215 అనే సవరణ పత్రం జతచేస్తారు. పతకం ఇచ్చిన ఉత్తర్వు ప్రతి చేతిలో ఉంటే పని సులువే. లేనివారి కష్టం వేరు. 1973 జులై 12న సెయింట్ లూయిస్ సైనిక రికార్డుల కేంద్రంలో చెలరేగిన మంటల్లో 1.6 కోట్లకు పైగా ఫైళ్లు బూడిదయ్యాయి. అలాంటప్పుడు ఆసుపత్రి కాగితాలు, దళం రోజువారీ నివేదికలు, తోటి సైనికుల వాంగ్మూలాలే దిక్కు. గాయపడిన సైనికులకిచ్చే పర్పుల్ హార్ట్‌కైతే గాయం శత్రువు చర్య వల్లే అయిందనీ, దానికి వైద్యం జరిగిందనీ తేలాలి. తప్పు కార్యాలయానిదైనా రుజువు భారం సైనికుడిపైనే పడటం అన్యాయమే. అధికారులు కాదంటే డీడీ 149 దరఖాస్తు పత్రంతో సైనిక రికార్డుల సవరణ బోర్డును ఆశ్రయించవచ్చు. పొరపాటు తెలిసిన మూడేళ్లలోపు దరఖాస్తు చేయాలి. న్యాయం కోసం బోర్డు ఆ గడువును సడలించగలదు.