మేస్త్రీ, యజమాని, మధ్యలో చదరపు అడుగు

సొంత స్థలంలో ఇల్లు కట్టించుకున్నవాళ్లు ఇద్దరు కలిస్తే మాట మేస్త్రీ మీదికి పోతుంది. పాతకాలపు మేస్త్రీలు మాట మీద నిలబడేవారనీ, ఇప్పటివాళ్లు అడ్వాన్సు చేతిలో పడ్డాక ఫోను ఎత్తరనీ తీర్పు చెప్పేస్తారు. వినడానికి బాగానే ఉంటుంది గాని, చరిత్ర ఈ తీర్పును బలపరచదు. తెలుగు నేల మీద గత నూటయాభై ఏళ్లలో ఇళ్లు లేచిన తీరు చూస్తే మారింది మనిషి గుణం కాదు, పనిని లెక్కగట్టే పద్ధతి. ఒకప్పుడు ఏ పని లెక్క ఆ పనిదే. ఇప్పుడు పునాది నుంచి పెయింటు దాకా అన్నిటినీ చదరపు అడుగు అనే ఒకే రేటులో కలిపేశాం. నేటి తగువులు చాలా మటుకు అక్కడే పుడుతున్నాయని నా వాదన.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఇంకా అక్కడక్కడ నిలిచి ఉన్న మండువా లోగిళ్లను చూడండి. నడిమిన ఆకాశానికి తెరిచిన మండువా, దాని చుట్టూ లోపలికి వాలిన పెంకుల కప్పు, ఆ కప్పును మోసే టేకు స్తంభాలు. ఇలాంటి ఇల్లు ఒక్క ఒప్పందంతో లేచేది కాదు. ముందు కలప సమకూరాలి. ఏజెన్సీ అడవుల్లో కొట్టిన టేకు దుంగలు తెప్పలుగా గోదావరి మీద రాజమండ్రి దాకా దిగేవి. యజమాని బేరమాడి కొని తెచ్చుకుని, బాగా ఆరేదాకా పేర్చి ఉంచేవాడు. ఇటుక కోసం బట్టీ పెట్టించేవాడు. సున్నం కాల్పించి, నానబెట్టి, ఇసుక కలిపి ఎద్దులు తిప్పే గానుగలో రుబ్బించేవాడు. గట్టిదనానికి కరక్కాయ నీళ్లో బెల్లం నీళ్లో పోయించేవాడు. సరుకంతా యజమానిది, పనివాళ్లది చేతి పని. వడ్రంగి కూలి వడ్రంగిది, తాపీ మేస్త్రీ కూలి అతనిది, గొళ్లేలూ మేకులూ చేసిన కమ్మరి కూలి కమ్మరిది. నాగలి, బండి బాగుచేసినందుకు వీళ్లకు కళ్లంలో ధాన్యం మేరగా కొలిచేవారు గాని, కొత్త ఇంటి పని ఆ మేరలోకి వచ్చేది కాదు. దానికి వేరే కూలి, సింహద్వారం నిలబెట్టిన నాడు కొత్త బట్టలు, తాంబూలం. కొలతలు ఆయం చూసి పెట్టేవారు. నక్షా కాగితం మీద కాక వడ్రంగి బుర్రలోనూ, నేల మీద ముగ్గుతో గీసిన గీతల్లోనూ ఉండేది. సున్నం యజమానిదే అయ్యాక, దాన్ని తగ్గించి వాడితే మేస్త్రీకి మిగిలేదేమీ లేదు.

అంతమాత్రాన ఆ కాలాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. వడ్రంగి మాట తప్పకపోవడానికి నీతితో పాటు ఇంకో కారణం ఉంది: అతను ఊరు విడిచి పోలేడు. వృత్తి కులానికి కట్టిపడేసింది. మేర కొలిచే ఆసామి ఇంట కూలి దగ్గర పట్టుబట్టే ధైర్యం అతనికి ఎక్కడిది? మట్టి మోసిన ఉప్పర్లు, రాయి కొట్టిన వడ్డెరలు తాము లేపిన లోగిలిలో సమానంగా కూర్చోగలిగేవారు కాదు. మనం నమ్మకం అనుకునేదాంట్లో కొంత నిర్బంధం. పైగా లోగిళ్లన్నీ కలిగినవాళ్లవి. తాటాకు పాకల్లో, మట్టిగోడల ఇళ్లలో ఉన్నవాళ్లు ఇంటిల్లిపాదీ కష్టపడి కట్టుకునేవారు, మేస్త్రీతో వాళ్లకు పెద్దగా పనిలేదు. అందుకే పాతదానిలోంచి నేను తీసుకునే అంశం ఒక్కటే: సరుకు ఒకరి చేతిలో, పనితనం మరొకరి చేతిలో ఉండటం, ప్రతి పనీ విడిగా లెక్కకు రావడం.

ఇంగ్లీషు ప్రభుత్వం తెచ్చిన కాంట్రాక్టు పద్ధతి కూడా ఈ అంశాన్ని పూర్తిగా చెరపలేదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, ఆ తర్వాతి కాలువలు, రైలు వంతెనలు వేలమంది కూలీలను ఒకచోటికి చేర్చాయి. అడ్వాన్సులిచ్చి ముఠాలు కట్టి తెచ్చే మేస్త్రీకి ఇలాంటి పనుల్లో బలం పెరిగింది. పబ్లిక్ వర్క్స్ శాఖ కాంట్రాక్టరు మాటను నమ్ముకోకుండా ఎం.బుక్ అనే కొలతల పుస్తకం పెట్టుకుంది. మట్టి తవ్వకం ఇన్ని ఘనపుటడుగులు, ఇటుక కట్టుబడి ఇన్ని, ప్లాస్టరింగు ఇన్ని చదరపు అడుగులు అని జరిగిన పనిని కొలిచి రాశాకే బిల్లు. అక్కడ లంచాలు లేవని కాదు; ఏ పనిలో తిన్నారో పట్టుకోవడానికి కాగితమైనా ఉంటుంది. విస్తీర్ణాన్ని బట్టి కట్టే ప్లింత్ ఏరియా రేటు కూడా ఆ శాఖకు తెలుసు. దాన్ని వాడేది తొలి అంచనాకు, అంటే సుమారుగా ఎంత నిధి కావాలో చెప్పడానికి. సర్కారు ఉజ్జాయింపుకు వాడే లెక్కతో మనం జీవితకాలపు పొదుపు చెల్లించేస్తున్నాం.

ఈ మార్పు సిమెంటు వెంట వచ్చింది, అదీ ఆలస్యంగా. చాలాకాలం సిమెంటు కంట్రోలు సరుకు. బస్తాలకు పర్మిట్ కావాలి, దాని కోసం యజమానే తిరగాలి. మహారాష్ట్ర ముఖ్యమంత్రి అంతూలే 1982లో పదవి వదులుకున్నది సిమెంటు కేటాయింపుల వివాదంలోనే అంటే ఆ బస్తా విలువ ఊహించుకోవచ్చు. ఆ ఏడాదే కంట్రోలును కొంత సడలించారు, 1989లో పూర్తిగా ఎత్తేశారు. దుకాణంలో డబ్బు పెడితే సిమెంటు దొరికే రోజు వచ్చాకే, సరుకుతో సహా ఇల్లు కట్టి ఇస్తాననడం మామూలు మేస్త్రీకి తేలికైంది. ఆ దశకంలోనే మన నగరాల్లో ఫ్లాట్లు పెరిగాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం 1987లో వచ్చింది. ఫ్లాటుకు చదరపు అడుగు రేటు సబబే, ఎందుకంటే అది అమ్మకం ధర. అదే రేటు పక్క వీధిలో సొంత స్థలంలో కట్టే ఇంటికీ పాకింది. కట్టించుకోవాల్సిన ఇంటిని కొనుక్కున్నట్టు కట్టించుకోవడం అలా అలవాటైంది.

ఇందులో అసలు చిక్కు కాంక్రీటు స్వభావంలో ఉంది. అడుగున్నర మందం సున్నపు గోడ చిన్నచిన్న పొరపాట్లను ఓర్చుకుంటుంది. అయిదంగుళాల స్లాబు ఓర్చుకోదు. ఇనుము ఎంత వేశారు, దాని కింద కవరు ఎంత వదిలారు అన్నది కాంక్రీటు పోసిన సాయంత్రానికే కనపడకుండా పోతుంది. కవరు తగ్గితే చువ్వ తుప్పుపట్టి పెచ్చులూడేది ఎన్నో ఏళ్ల తర్వాత. మామూలు సిమెంటు కాంక్రీటును కనీసం ఏడు రోజులు తడపాలని ప్రమాణాలు చెబుతాయి. నాలుగు రోజులే తడిపినా పైకి తేడా తెలియదు. రేటు ఒక్కటే, సరుకు కూడా మేస్త్రీదే అయినప్పుడు, కంటికి కనపడని చోట తగ్గించిన ప్రతి కిలో అతని లాభం. పోటీకి తక్కువ రేటు ఒప్పుకున్న మంచి మేస్త్రీని కూడా ఈ లెక్క అటే తోస్తుంది.

ఒకే రేటు ఉంటేనే బడ్జెట్ తెలుస్తుందని, ఉద్యోగం చేసుకునేవాడు ఇసుక లారీల చుట్టూ తిరగలేడని కొందరంటారు. ఆ ఇబ్బంది నిజమే. 1977లో హెచ్.డి.ఎఫ్.సి. మొదలయ్యాక గృహరుణాలు విస్తరించాయి, రుణమిచ్చేవాళ్లు దశలవారీగా డబ్బు విడుదల చేస్తారు, కాబట్టి మొత్తం అంకె ముందే కావాలి. అయితే మొత్తం అంకె తెలియడానికి పనులన్నీ కలిపేయనక్కర్లేదు. ఇనుము టన్నుల్లో, ఇటుక పని ఘనపుటడుగుల్లో, టైల్స్ చదరపు అడుగుల్లో విడివిడిగా రాసి కూడితే వచ్చేదీ ఒక మొత్తమే. చదరపు అడుగు రేటు ఇచ్చేది ఖాయమైన అంకె కూడా కాదు. మెట్లకు ఇంత, కాంపౌండు గోడకు ఇంత, సంపుకు ఇంత అని ఎక్స్‌ట్రాలు వస్తూనే ఉంటాయి.

రెరా ఉందిగా అని ధీమాగా ఉండేవాళ్లూ ఉన్నారు. 2016లో వచ్చిన ఆ చట్టం అమ్మకానికి కట్టే బిల్డరుకు వర్తిస్తుంది, నిర్మాణ లోపాలకు అయిదేళ్లు అతన్నే బాధ్యుణ్ణి చేస్తుంది. మీ స్థలంలో మీ కోసం ఇల్లు కట్టే మేస్త్రీ దాని పరిధిలోకి రాడు. అతని మీద మీకున్న దారి జిల్లా వినియోగదారుల కమిషన్: గృహనిర్మాణాన్ని సేవగా చేరుస్తూ వినియోగదారుల చట్టాన్ని 1993లోనే సవరించారు, 2019 చట్టంలోనూ అది ఉంది. ఫిర్యాదుకు గడువు సాధారణంగా రెండేళ్లు. అక్కడ మొదట అడిగేది రాతపూర్వక ఒప్పందం ఏదని. కాబట్టి ముగ్గు పోయకముందే పనులవారీగా కొలతలు, రేట్లు, సరుకు రకం రాసి మేస్త్రీతో సంతకం పెట్టించండి, మీరూ పెట్టండి. స్లాబు పోసే ముందు ఇనుము కట్టును ఇంజనీరుకు చూపించాకే కాంక్రీటు కలపనివ్వండి.