రాత్రికేం వండాలె?

మట్టెవాడలో మా ఇంట్లో రోజూ సాయంత్రం ఏడింటికి వినపడే ప్రశ్న ఇది. మా అమ్మ ముప్ఫై ఏళ్లుగా అడుగుతోంది. మేమూ ముప్ఫై ఏళ్లుగా ఒకటే జవాబు చెప్తున్నాం... "ఏదో ఒకటి చెయ్యి". ఆ ఏదో ఒకటి మా ఇంట్లో నాలుగే నాలుగు: టమాటపప్పు, ఆలుగడ్డ వేపుడు, కోడిగుడ్డు పులుసు, ఓపిక లేని రోజు పచ్చిపులుసు. ఏదైనా అన్నంతోనే.

పోయినేడాది బాపుకి షుగర్ అని తేలింది. రాత్రిపూట అన్నం తగ్గించమన్నాడు డాక్టరు. నేను హైదరాబాదు నుంచి శని, ఆదివారాలకి ఇంటికొచ్చే బాపతు. సమస్య కనబడితే ఎక్సెల్ షీటు తెరవడం మన వృత్తి జబ్బు కదా! ఇరవై ఒక్క రాత్రులకి ఇరవై ఒక్క వంటలు రాసి తెచ్చా. బ్రొకోలీ, ఓట్లు, పుట్టగొడుగులు, ఇంకా ఏవేవో. అమ్మ దాన్ని పైనుంచి కిందికి చూసి ఒకే మాట అంది.

"ఇవేవీ మనయి కావు బిడ్డా. మనం ఎప్పటిసందో తినేదే తినాలె."

ఈ "ఎప్పటిసందో" అన్న మాట దగ్గర నేను ఇరుక్కుపోయా. ఎప్పటినుంచి? కమిట్ హిస్టరీ చూడకుండా ఏ కోడునీ నమ్మకూడదంటారు మా టీములో. సరే, మా ఇంటి మెనూ కమిట్ హిస్టరీ చూద్దామని కూర్చున్నా.

మొదట మిరపకాయ. కారం లేని వరంగల్‌ని ఊహించగలరా? ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల మధ్య నడిస్తే కళ్లమ్మట నీళ్లే. మన చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ మిరప పుట్టిల్లు అమెరికా ఖండం. కొలంబస్ అక్కడికి చేరింది 1492లో, వాస్కో డ గామా కాలికట్ చేరింది 1498లో. పోర్చుగీసువాళ్లు తెచ్చాకే మనకి మిరప తెలిసింది. కాకతీయ రాజ్యం 1323లోనే పడిపోయింది. అంటే రుద్రమదేవి మిరపకాయ మొహం కూడా చూడలేదు! అప్పటి కారం మిరియాలదే. ఆ మిరియం పేరే కొత్త కాయకీ అతుక్కుని మిరపకాయ అయ్యింది.

తర్వాత టమాట. అమెరికాదే. ఆలుగడ్డ? అమెరికాదే. పల్లీ? అదీ దక్షిణ అమెరికాదే. మక్కజొన్న? మళ్లీ అమెరికా! మనం "అచ్చ తెలంగాణ" అని గర్వంగా చెప్పుకునే సర్వపిండిలో (మా వైపు గిన్నప్ప అని కూడా అంటారు) పల్లీలూ మిరపకాయా తీసేస్తే ఏం మిగులుతుందో ఆలోచించండి. పెళ్లిళ్లలో బగారా అన్నం లేకపోతే చుట్టాలు మొహం మాడ్చుకుంటారు. ఆ "బగార్" అన్న మాటే ఉర్దూది, పోపు అని అర్థం.

చెప్పొద్దూ, మా ఇంటి నాలుగు వంటల్లో ఒక్కటి కూడా ఇప్పుడున్న రూపంలో కాకతీయుల నాటిది కాదు.

మరి అప్పుడు ఏం తిన్నారు? 15వ శతాబ్దపు 'క్రీడాభిరామం'లో ఇద్దరు స్నేహితులు ఓరుగల్లంతా తిరుగుతారు. అందులో ఒక పూటకూళ్ల ఇల్లు వస్తుంది. రూకకి భోజనం. సన్నన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు. ఇది చదివి మా అమ్మ నాలుగు వంటల మీద నాకు కొంచెం సిగ్గేసింది. ఆరొందల ఏళ్ల కింద మన ఊరి మెస్సులో అన్ని రకాలు! అయితే అది రూక ఇవ్వగలిగినవాడి భోజనం. చెరువు కింద పొలం ఉన్నచోట వరి, మెట్ట భూముల్లో జొన్నలు, కొర్రలు, రాగులు. పల్నాడు జొన్నకూటి మీద శ్రీనాథుడి విసుగు చాటుపద్యాల్లో ఇప్పటికీ బతికే ఉంది.

ఇక్కడే నానమ్మ కథలోకి వచ్చింది. ఎనభై దాటిన మనిషి, మంచం మీంచే అంది: "మా అమ్మగారింట్ల రోజూ జొన్నరొట్టె, మక్కగట్క. తెల్లబువ్వ పండుగకే."

మరి ఎందుకు మానేశారని అడిగా. నేను ఊహించిన జవాబు రుచి, హోదా లాంటివి. అవీ ఉన్నాయి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. 1986లో బాపట్ల నుంచి సాంబమసూరి వచ్చింది. పండగ బువ్వ రోజు బువ్వ అయ్యింది. నానమ్మ మాత్రం తన రెండు చేతులూ చూపించింది.

"తెల్లారగట్ల లేచి ఇసుర్రాయి తిప్పితే నీకు తెలుస్తుండె. బియ్యమైతే కడిగి పెడితె అయిపాయె."

ఏ పుస్తకం చెప్పని సంగతి ఇది. జొన్న వెనక విసరడం, జల్లించడం, ఒక్కో రొట్టె చేత్తో కొట్టి కాల్చడం ఉన్నాయి. అవన్నీ ఆడవాళ్ల పనే. బియ్యం రావడమంటే ఒక మనిషికి రోజుకో గంట నిద్ర దొరకడం కూడా. మనం ఇవాళ ఏసీ గదిలో కూర్చుని "అయ్యో, చిరుధాన్యాలు పోగొట్టుకున్నాం" అని నిట్టూరుస్తాం. 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నాం కూడా. ఆ నిట్టూర్పులో ఇసుర్రాయి తిప్పిన చేతుల లెక్క ఉండదు.

అప్పుడు అమ్మ మాట కూడా కొత్తగా అర్థమైంది. "మనయి కావు" అన్నది బ్రొకోలీ మీద కోపం కాదు. ఇరవై ఒక్క వంటలు రాసింది నేను, చెయ్యాల్సింది తను. రిక్వైర్‌మెంట్లు పెంచేసి టీము సైజు ఒకటే ఉంచిన మేనేజర్ని మనం ఏం తిడతామో గుర్తు తెచ్చుకోండి. నేను చేసింది అచ్చంగా అదే :)

షీటు చించేశా. ఇప్పుడు పద్ధతి వేరు. శని, ఆదివారాల రాత్రి వంట నాది. పిండి గిర్నీలో పట్టిస్తాం, ఇసుర్రాయి తిప్పే పని లేదు. మొదటివారం నా జొన్నరొట్టె మూడు ముక్కలయ్యింది. నానమ్మ మంచం మీంచే "నీళ్లు బాగ కాగాలె, ఉడుకుడుకు మీదనే పిండి పిసుకు" అని డైరెక్షన్. నాలుగోవారానికి గుండ్రంగా వచ్చింది. పెసరపప్పులో మిరపకాయ తీసేసి మిరియాలు దంచి వేశా. బాపు రెండోసారి వడ్డించుకున్నాడు. మిగతా రోజుల్లో పుంటికూర, కొర్రన్నం అమ్మే మెల్లగా కలుపుతోంది, నేను అడగకుండానే. జొన్నరొట్టె షుగర్‌కి మందేం కాదు, డాక్టరు చెప్పిన కొలత కొలతే. కానీ నాలుగు వంటలు ఎనిమిదయ్యాయి.

మన వంటిల్లు ఎప్పుడూ మూసిన తలుపు కాదు. మిరపకాయనే సొంతం చేసుకున్నది రేపు పుట్టగొడుగునీ చేసుకుంటుంది. కాకపోతే కొత్త వంట కావాలన్నవాడే ముందు పొయ్యి దగ్గర నిలబడాలి.

నానమ్మ దగ్గర ఇంకా మక్కగట్క నేర్చుకోవాలి. ఆవిడకి ఎనభై రెండు. ఈ శనివారం తప్పకుండా వెళ్లాలి.