గృహ వైద్య సేవల్లో మోసాల నివారణ: వైద్యుల పాత్ర

అమెరికాలో వృద్ధులకు, కొందరు వికలాంగులకు ప్రభుత్వం కల్పించే ఆరోగ్య బీమా మెడికేర్. ఇల్లు కదలలేని రోగుల దగ్గరికి నర్సును, ఫిజియోథెరపిస్టును పంపే ఏజెన్సీలకు కూడా మెడికేర్ డబ్బు చెల్లిస్తుంది. సేవలు అవసరమేనని వైద్యుడు ధ్రువీకరించనిదే ఆ బిల్లు చెల్లదు. అందువల్ల మోసాన్ని మొదట్లోనే ఆపే అవకాశం వైద్యుడి చేతిలో ఉంటుంది.

ఈ రంగంలో మోసాలు ప్రధానంగా నాలుగు రకాలు: నర్సు వెళ్లకపోయినా వెళ్లినట్టు బిల్లు వేయడం, చక్కగా తిరగగలిగిన వారిని ఇల్లు కదలలేనివారిగా చూపడం, అవసరం తీరాక కూడా సేవలు పొడిగించడం, రోగులను పంపినందుకు ముడుపులు ఇవ్వడం. గృహ సందర్శనలకు రోగి సాధారణంగా ఏమీ చెల్లించనక్కరలేదు. దాంతో దొంగ బిల్లు రోగి కంట పడకపోవచ్చు. సేవ నాలుగు గోడల మధ్య జరుగుతుంది గనుక పర్యవేక్షణ కూడా తక్కువే.

ధ్రువీకరణకు ముందు వైద్యుడు రెండు విషయాలు తేల్చుకోవాలి. మొదటిది, రోగి నిజంగా ఇంటికి పరిమితమయ్యాడా అన్నది. దీనికి మంచాన పడి ఉండనక్కరలేదు. మనిషి సాయమో చేతికర్రో లేకుండా బయటకు వెళ్లలేకపోవడం, వెళ్లడానికి ఎంతో శ్రమపడాల్సి రావడం ప్రధాన కొలమానాలు. ప్రార్థనకో ఆసుపత్రికో అప్పుడప్పుడు వెళ్లినంత మాత్రాన అర్హత పోదు. రెండవది, నర్సు లేదా థెరపిస్టు నైపుణ్యం ఆ రోగికి అవసరమా అన్నది. 2010 నాటి ఆరోగ్య సంస్కరణ చట్టం రోగిని ముఖాముఖి పరీక్షించడం తప్పనిసరి చేసింది. సేవలు మొదలవడానికి ముందు 90 రోజుల్లో గాని, మొదలైన 30 రోజుల్లోపు గాని ఆ పరీక్ష జరగాలి. 2020 నుంచి నర్స్ ప్రాక్టీషనర్లు, ఫిజీషియన్ అసిస్టెంట్లు కూడా ధ్రువీకరించవచ్చు.

సేవలు కొనసాగాలంటే చికిత్స ప్రణాళికను కనీసం 60 రోజులకోసారి సమీక్షించాలి. పుండు మానిందా, నడక మెరుగైందా అని చూడకుండా పాత ప్రణాళికనే పొడిగిస్తే అనవసర బిల్లులకు దారి తీసినట్టే. ఖాళీ ఫారాల మీద, తనకు తెలియని రోగుల కాగితాల మీద వైద్యుడు సంతకం చేయకూడదు. నర్సు ఎన్నిసార్లు వచ్చిందో రోగిని, కుటుంబాన్ని అడిగి ఏజెన్సీ నివేదికతో పోల్చుకోవచ్చు. తన గుర్తింపు సంఖ్యను ఇతరులు వాడుకోకుండా కాపాడుకోవాలి.

రోగులను పంపినందుకు ప్రతిఫలం తీసుకోవడం ముడుపుల నిరోధక చట్టం కింద నేరం. చేయని పనికి మెడికల్ డైరెక్టర్ జీతం ఇచ్చినా అది ముడుపే కావచ్చు. తప్పుడు ధ్రువీకరణకు వైద్యులు కూడా బాధ్యులవుతారని ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 1999 జనవరిలోనే హెచ్చరించింది. తెలిసి తప్పుడు బిల్లుకు కారణమైతే నష్టానికి మూడు రెట్ల వరకు వసూలు చేయవచ్చు. సుమారు 37.5 కోట్ల డాలర్ల గృహ వైద్య మోసం కేసులో టెక్సస్‌లోని డల్లాస్ ప్రాంత వైద్యుడికి 2017లో 35 ఏళ్ల జైలు శిక్ష పడింది.

అనుమానాలను ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయపు హాట్‌లైన్‌కు తెలపవచ్చు. అయితే మోసం జరుగుతుందేమోనన్న భయంతో నిజంగా అర్హుడైన రోగికి సేవ నిరాకరించడం కూడా తప్పే. రోగిని స్వయంగా చూసి, కారణాన్ని కేసు షీటులో స్పష్టంగా రాసి సంతకం చేయడమే రోగికీ వైద్యుడికీ రక్షణ.