గద్వాల జిల్లా సాధన ఉద్యమం

గద్వాల జిల్లా సాధన ఉద్యమం, తెలంగాణ జిల్లాల పునర్విభజన సందర్భంగా 2016లో నడిగడ్డ ప్రాంత ప్రజలు గద్వాల కేంద్రంగా ప్రత్యేక జిల్లా కోరుతూ జరిపిన ఆందోళన. ముసాయిదాలో చోటు దక్కని గద్వాల, ఈ ఉద్యమం తరువాత తుది జాబితాలో చేరినది. జోగులాంబ గద్వాల జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడినది.

నడిగడ్డ
కృష్ణా, తుంగభద్ర నదుల నడుమ ఉన్న భూభాగమును స్థానికులు నడిగడ్డ అని పిలుస్తారు. గద్వాల, అలంపూర్ ఇందలి ముఖ్య పట్టణములు. ఉత్తరమున కృష్ణానది, దక్షిణమున తుంగభద్ర, పడమట కర్ణాటకలోని రాయచూరు జిల్లా దీనికి హద్దులు. గద్వాల పట్టణము మట్టికోటకు, జరీ అంచు చేనేత చీరలకు ప్రసిద్ధి. పండితులను ఆదరించిన సంస్థానము కనుక దీనికి "విద్వద్గద్వాల" అను పేరు వచ్చినది. అష్టాదశ శక్తిపీఠాలలో ఒకటిగా భావించే జోగులాంబ ఆలయము, బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయములు అలంపూర్‌లో ఉన్నాయి.

మారుతూ వచ్చిన సరిహద్దులు
నడిగడ్డ రాయచూరు అంతర్వేదిలో తూర్పు భాగము. ఈ అంతర్వేది కొరకు విజయనగర, బహమనీ రాజ్యములు పలుమార్లు యుద్ధములు చేసినవి. హైదరాబాదు రాష్ట్రములో గద్వాల, అలంపూర్ తాలూకాలు రాయచూరు జిల్లాలో ఉండేవి. 1956 నవంబరు 1న భాషాప్రయుక్త రాష్ట్రములు ఏర్పడినపుడు రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రమునకు వెళ్ళగా, ఈ రెండు తెలుగు తాలూకాలు విడిపోయి ఆంధ్రప్రదేశ్‌లోని మహబూబ్‌నగర్ జిల్లాలో కలిసినవి.

ఈ మార్పు వలన భాష విషయంలో చిక్కు తీరినా, నీటి విషయంలో కొత్త చిక్కు వచ్చినది. నడిగడ్డలో 87,500 ఎకరాలకు నీరందించుటకు ఉద్దేశించిన రాజోలిబండ మళ్ళింపు పథకపు కాలువ తొలి భాగము కర్ణాటకలో ఉండిపోయినది. తమ వాటా నీరు పూర్తిగా చేరడం లేదన్నది చివరి ఆయకట్టు రైతుల చిరకాలపు ఫిర్యాదు. జిల్లా కేంద్రము కూడా దూరమైనది. అలంపూర్ వాసులకు తుంగభద్ర అవతలనున్న కర్నూలు సుమారు 25 కిలోమీటర్లే. మహబూబ్‌నగర్ వెళ్ళవలెనంటే మాత్రము కృష్ణానది దాటి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించవలసి ఉండేది.

2016 ముసాయిదా
తెలంగాణ ప్రభుత్వము 2016 ఆగస్టు 22న ముసాయిదా ప్రకటన వెలువరించినది. దాని ప్రకారము 17 కొత్త జిల్లాలతో మొత్తము 27 జిల్లాలు ఏర్పడాలి. మహబూబ్‌నగర్ జిల్లాను మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి జిల్లాలుగా విభజించి, నడిగడ్డను వనపర్తిలో చేర్చాలని ప్రతిపాదించారు. ఉమ్మడి జిల్లాలోని ఐదు రెవెన్యూ డివిజన్ కేంద్రాలలో గద్వాల, నారాయణపేట మాత్రమే జిల్లా కేంద్రములు కాకుండా మిగిలినవి.

ఉద్యమము
ముసాయిదాపై అభ్యంతరములు తెలుపుటకు ప్రజలకు 30 రోజుల గడువు ఉన్నది. ఆ సమయములో నడిగడ్డలో బందులు, రాస్తారోకోలు, నిరాహారదీక్షలు జరిగినవి. అప్పటి గద్వాల శాసనసభ్యురాలు డి.కె.అరుణ ఈ కోరికను గట్టిగా వినిపించారు. ఉద్యమకారుల ప్రధాన వాదనలు ఇవి:
* వనపర్తి కృష్ణానదికి అవతల ఉన్నది. రెండు నదుల మధ్య ప్రాంతము సహజముగా ఒకే పరిపాలనా విభాగము కావాలి.
* గద్వాల పూర్వము సంస్థాన రాజధాని, అప్పటికే రెవెన్యూ డివిజన్ కేంద్రము, రైలు సౌకర్యము గల పట్టణము.
* జిల్లా కేంద్రము మారినా, నది దాటవలసిన అవస్థ అలంపూర్ ప్రజలకు తప్పదు.

ఫలితము
అక్టోబరు తొలి దినములలో గద్వాల, జనగామ, సిరిసిల్ల, ఆసిఫాబాద్ జిల్లాలను జాబితాలో చేర్చుటకు ప్రభుత్వము అంగీకరించినది. మొత్తము జిల్లాల సంఖ్య 31కి చేరినది. విజయదశమి నాడు 12 మండలములతో కొత్త జిల్లా ప్రారంభమైనది. అలంపూర్ దేవత, గద్వాల పట్టణము రెండూ జిల్లా పేరులో చోటు చేసుకున్నవి. 2011 జనాభా లెక్కల ప్రకారము ఈ ప్రాంత జనాభా 6,09,990. జిల్లా పరిధిలో గద్వాల, అలంపూర్ శాసనసభ నియోజకవర్గములు రెండే ఉన్నాయి.

ఉమ్మడి జిల్లాలో మిగిలిపోయిన నారాయణపేట కూడా 2019 ఫిబ్రవరి 17న జిల్లా అయినది. రాజోలిబండ నీటి సమస్య మాత్రము జిల్లా ఏర్పాటుతో తీరేది కాదు. ఆ కాలువ ఇప్పటికీ రాష్ట్ర సరిహద్దు దాటియే నడిగడ్డకు రావలసి ఉన్నది.