అరుపు లేని ముగింపు: రూయీ, చియెన్‌లాంగ్‌ల కథ అలాగే ఎందుకు ముగియాలి

ఈసారి పోస్టు కొంచెం పొడుగే. తీరిక చూసుకుని చదవండి.

హాస్టల్లో మా రూములో ముగ్గురం కలిసి ఒక చైనా చారిత్రక సీరియల్ చూశాం. పేరు 'రూయీస్ రాయల్ లవ్ ఇన్ ద ప్యాలెస్'. 2018లో వచ్చింది, మొత్తం 87 ఎపిసోడ్లు. రూయీగా జౌ షున్, చియెన్‌లాంగ్ చక్రవర్తిగా వాలెస్ హువో చేశారు. చిన్నప్పటి నుంచి ఒకరినొకరు ఇష్టపడ్డ ఇద్దరు. అతను చక్రవర్తి అవుతాడు, ఆమె చివరికి మహారాణి అవుతుంది. ఆ తర్వాత ఆ ఇష్టం మెల్లమెల్లగా చచ్చిపోతుంది.

ఆఖరి ఎపిసోడ్ అయ్యాక మా తమ్ముడొకడు ఫోన్ పక్కన పడేసి, "ఇంతేనా అన్నా? ఇన్ని రాత్రులు నిద్ర మానుకుని చూస్తే, ఆమె కూర్చున్న చోటే కూర్చుని చచ్చిపోవడమా? ఒక్క మాటైనా వాడి మొహం మీద అనొద్దా?" అన్నాడు. వాడి కోపం చూసి ఆ రోజు నేనేమీ అనలేదు. నాకూ అలాగే అనిపించింది మరి. తర్వాత ఆ మహారాణి అసలు చరిత్ర ఏంటో చదవడం మొదలుపెట్టాను. చదివాక నా అభిప్రాయం మారింది. ఆ జంటకి ఆ మౌనమే సరైన ముగింపు అని ఇప్పుడు అంటున్నా. ఎందుకో చెప్తాను.

ముందు ఆమె ఎవరు? 'రూయీ' అనేది కథ కోసం పెట్టిన పేరు. అసలు మహారాణి సొంత పేరు చరిత్రలో మిగలలేదు. మిగిలింది వంశం పేరు ఒక్కటే, నారా. అది కూడా ఏ నారా అన్నదాంట్లో తేడా ఉంది. కొన్ని పుస్తకాల్లో ఉలా నారా అని, కొన్నింట్లో హోయిఫా నారా అని ఉంటుంది. ఈ పేర్లు మనం కాస్త ఆగి చూడాల్సినవి. హాదా, హోయిఫా, ఉలా, యెహె అనేవి ఇప్పటి చైనా ఈశాన్యంలో ఉండిన జుర్చెన్ తెగలు. నూర్హాచీ అనే జుర్చెన్ నాయకుడు వీటిని ఒక్కొక్కటిగా ఓడించి కలిపేసుకున్నాడు. హోయిఫా 1607లో, ఉలా 1613లో, యెహె 1619లో అతని చేతిలోకి పోయాయి. 1635లో అతని కొడుకు ఈ జనానికంతటికీ 'మంచూ' అనే పేరు ఖాయం చేశాడు. 1644లో వాళ్లు బీజింగ్‌లో అడుగుపెట్టారు. అదే చింగ్ రాజ్యం. అంటే ఓడిపోయిన తెగ ఆడబిడ్డ, గెలిచిన తెగ ఇంటికి కోడలిగా వెళ్లిందన్నమాట.

ఆమె 1718లో పుట్టింది. తండ్రి నార్బు, సైన్యంలో ఒక దళానికి అధిపతి. చియెన్‌లాంగ్ రాజకుమారుడిగా ఉన్నప్పుడే ఆమెని అతనికి రెండో స్థాయి భార్యగా ఇచ్చారు. 1735లో అతను గద్దెనెక్కాడు. అప్పటి మహారాణి షియావోషియెన్ అంటే అతనికి ప్రాణం. ఆమె 1748లో షాన్‌తుంగ్ యాత్ర నుంచి తిరిగి వస్తూ దారిలోనే చనిపోయింది. ఆ తర్వాత 1750లో నారాని మహారాణిని చేశారు. ముగ్గురు పిల్లలు పుట్టారు. ఇద్దరు పసితనంలోనే పోయారు. యోంగ్‌జీ ఒక్కడే మిగిలాడు.

ఇప్పుడు జుట్టు సంగతికి వద్దాం. కథంతా అక్కడే ఉంది. మంచూలకి జుట్టు ఉత్త అలంకారం కాదు, వాళ్లెవరో చెప్పే గుర్తు. చైనాని గెలిచాక, 1645లో మగవాళ్లంతా ముందు తల గీయించుకుని వెనక జడ వేసుకోవాలని హుకుం ఇచ్చారు. ఒప్పుకోనివాళ్ల తలలే తీశారు. ఇంట్లో చావు జరిగితే మంచూల లెక్క వేరు. మగవాళ్లు కొన్నాళ్లు తల గీయించుకోకూడదు. ఆడవాళ్లు జుట్టు కత్తిరించుకోవాలి. మన దగ్గరా చావింట్లో జుట్టుకి సంబంధించిన ఆచారాలు ఉన్నాయి కాబట్టి, ఇది మనకి అర్థం కాని సంగతేం కాదు. భర్త బతికుండగా మంచూ స్త్రీ తన జుట్టు తానే కత్తిరించుకుంటే దానికి ఒకటే అర్థం: నాకు సంబంధించినంత వరకు నువ్వు చచ్చిపోయావు.

1765 వసంతంలో చక్రవర్తి దక్షిణాదికి నాలుగోసారి యాత్ర వెళ్లాడు. మహారాణి కూడా వెంట ఉంది. హాంగ్‌జౌలో ఒక రోజు ఉదయం భోజనం లెక్కలో, చక్రవర్తి ఆమెకి వంటకాలు పంపినట్టు రాసి ఉంది. అదే రోజు సాయంత్రం లెక్క నుంచి ఆమె కనపడదు. ఆమెని నీటిమార్గంలో బీజింగ్‌కి పంపేశారు. ఆ మధ్యలోనే ఎక్కడో ఆమె జుట్టు కత్తిరించుకుంది. ఎందుకన్నది ఏ అధికారిక కాగితంలోనూ లేదు. రాజధానిలో ఆమె పట్టాభిషేకపు పత్రాలు వెనక్కి తీసుకున్నారు. మహారాణికి పదిమంది పనికత్తెలు ఉండాలి. చనిపోయేనాటికి ఆమె దగ్గర ఇద్దరే. 1766 ఆగస్టు 19న పోయింది. అప్పటికి చక్రవర్తి వేటకని ఉత్తరానికి వెళ్లి ఉన్నాడు. వెనక్కి రాలేదు. కొడుకు యోంగ్‌జీని పంపాడు. అంత్యక్రియలు మహారాణికి జరిగినట్టు కాకుండా ఒక మెట్టు కింద జరపమన్నాడు. ఆమెకి సొంత సమాధి కూడా కట్టలేదు. తనకంటే ముందు పోయిన చున్‌హుయి అనే ఇంకో రాణి సమాధిలో ఒక పక్కన పెట్టారు.

దీని పక్కన 1748ని పెట్టి చూడండి. షియావోషియెన్ పోయినప్పుడు చక్రవర్తి దుఃఖం దేశమంతా వినపడింది. సంతాపం వంద రోజులు పూర్తికాకముందే తల గీయించుకున్న అధికారుల్ని పట్టి శిక్షించాడు. హుగ్వాంగ్ ప్రాంతాన్ని ఏలే సాయిలెంగె అంతటి పెద్ద అధికారి చేత బలవంతంగా ప్రాణం తీయించాడు. చియెన్‌లాంగ్ పేరు మీద నలభై వేలకు పైగా కవితలున్నాయి. మొదటి మహారాణి మీద రాసినవే వంద దాటతాయి. రెండో ఆమె పోతే ఆ దుఃఖంలో రవ్వంతైనా పైకి కనపడలేదు. మొదటి ఆమెకి జుట్టు తీయించుకున్నవాడు చచ్చాడు. రెండో ఆమె జుట్టు తీసుకుని తానే చచ్చింది.

పైగా ఆ మౌనం ఊరికే వచ్చిన మౌనం కాదు, కాపలా పెట్టి నిలబెట్టిన మౌనం. లీ యూమింగ్ అనే అధికారి ఆమెకి మహారాణికి తగ్గ సంతాపం పాటించాలని అర్జీ పెట్టాడు. అతన్ని పడమటి సరిహద్దులో ఉన్న ఇలీకి తోలేశారు. పన్నెండేళ్లు గడిచాక 1778లో జిన్ త్సోంగ్‌షాన్ అనే చదువుకున్న మనిషి, చక్రవర్తి వెళ్లే దారిలో అర్జీ పట్టుకుని నిలబడ్డాడు. అందులో ఉన్న కోరికల్లో ఒకటి, ఆమె విషయంలో చక్రవర్తి తన తప్పు ఒప్పుకోవాలన్నది. అతని తల తీయించారు. అప్పుడు కూడా చక్రవర్తి తన వాదనే వినిపించాడు. ఆమె మన ఆచారం పూర్తిగా నిషేధించిన పని చేసింది, అయినా నేను పదవి తీసేయలేదు, అదే నా దయ అన్నాడు. మనకి దొరికే వాదన అతనిదొక్కటే. ఆమెది లేదు.

ఇప్పుడు మళ్లీ సీరియల్‌కి రండి. ఇలాంటి చరిత్ర చేతిలో ఉన్న రచయిత ముందు రెండు దారులుంటాయి. ఒకటి, చరిత్ర ఆమెకి ఇవ్వని గొంతుని కథలో గట్టిగా ఇవ్వడం. అదే 2018లో వచ్చిన 'స్టోరీ ఆఫ్ యాన్‌షీ ప్యాలెస్' దాదాపు ఈ దారిలోనే పోయింది. అందులో ఇదే మహారాణి ప్రతినాయిక. కుట్రలు, కత్తులు, నిందలు అన్నీ అయ్యాక అందరి ముందూ అరిచి జుట్టు కోసుకుంటుంది. చూస్తున్నంతసేపూ రక్తం ఉడుకుతుంది, అది నిజమే. కాకపోతే చూశాక నాకు మిగిలింది ఆ గొడవే. మనిషి మిగల్లేదు.

రెండో దారి రూయీది. ఇందులో ఆమె ఆఖరి రోజులు ఎంత మామూలుగా గడుస్తాయంటే, అంతఃపురంలో తన ఇంట్లోనే ఉంటుంది. జబ్బు మనిషి. దగ్గర ఉన్నది రోంగ్‌పెయ్ అనే నమ్మిన పనిమనిషి. పక్కన తనకిష్టమైన ప్లమ్ పూల చెట్టు. ఎవర్నీ పిలవదు. ఎవరికీ శాపం పెట్టదు. ప్రాణం పోతుంది. అంతే.

"మొహం మీద ఒక్క మాటైనా అనొద్దా?" అన్న మా తమ్ముడికి నా జవాబు ఇది: అనేసింది కదరా! హాంగ్‌జౌలో కత్తెర పట్టుకున్నప్పుడే అనేసింది. చిన్నప్పుడు అతను హోంగ్‌లీ, ఆమె చింగ్‌యింగ్. సీరియల్లో ఆమె కత్తిరించిన జుట్టు ఆ ఇద్దరి కోసం పెట్టిన సంతాపం. సంతాపం పెట్టేశాక ఇంక తగువేముంటుంది? చచ్చిపోయిన మనిషితో ఎవరైనా వాదన పెట్టుకుంటారా? ఆ తర్వాత ఆమె మళ్లీ అరిచి ఉంటే, కత్తిరించిన జుట్టు అబద్ధమయ్యేది. ఇంకా అతని దగ్గర ఏదో ఆశిస్తోందని అర్థమయ్యేది.

ఇక్కడే సీరియల్ చరిత్రని మార్చకుండానే దాని అర్థాన్ని తిప్పేసింది. చరిత్రలో ఆ మౌనం చక్రవర్తి వేసిన శిక్ష. పేరు లేదు, సమాధి లేదు, కవిత లేదు. బొమ్మ సంగతీ అంతే. కాస్టిలియోనె అనే ఇటలీ చిత్రకారుడు, ఇతరులు కలిసి గీసిన చియెన్‌లాంగ్ రాణుల బొమ్మల చుట్ట ఇప్పుడు అమెరికాలో క్లీవ్‌లాండ్ మ్యూజియంలో ఉంది. అందులో పేర్లు రాసి ఉన్న రాణుల్లో ఈమె లేదు. కథలో మాత్రం అదే మౌనం ఆమె సొంతమవుతుంది. మీరిచ్చిన పేరు వద్దు, మీ పక్కన చోటు వద్దు, నన్ను నాలాగా పోనివ్వండి అన్నట్టుంటుంది. అతను తీసేసుకున్నాననుకున్నవన్నీ ఆమె అప్పటికే వదిలేసినవి.

శిక్ష నిజానికి ఎవరికి పడిందో చూడండి. ఆమె పోయాక చియెన్‌లాంగ్ ఇంకో ముప్పై మూడేళ్లు బతికాడు. 1799లో పోయాడు. అన్నేళ్లలో బతికున్న ఏ రాణికీ మళ్లీ మహారాణి పదవి ఇవ్వలేదు. సీరియల్ చివర్లో ముసలి చక్రవర్తి చేతిలో ఆమె కత్తిరించుకున్న జుట్టు ఉంటుంది. అది కల్పనే. కానీ ఆ ముప్పై మూడేళ్ల ఖాళీ మాత్రం చరిత్రలో ఉన్నదే. ఇద్దరూ చివరిసారి కలిసి ఏడ్చి, క్షమించుకుని ఉంటే ఆ ఖాళీ నిండిపోయేది. చక్రవర్తికి చౌకగా విడుదల దొరికేది. అందుకే ఆ జంటకి రాజీ సరిపోదు, రణం కూడా సరిపోదు.

మౌనంగా పోవడమే గొప్ప అని నేను చెప్పట్లేదు. ఈ మాట మన చెల్లెళ్లకి ప్రత్యేకంగా చెప్తున్నా. ఇంట్లో గానీ బయట గానీ అన్యాయం జరిగితే నోరు తెరవాలి, పదిమందిని పిలవాలి. రూయీకి పిలవడానికి పదిమంది లేరు. ఆమె తరఫున అర్జీ పెట్టినవాళ్లకి ఏమైందో పైన చదివారు. అన్ని తలుపులూ మూసేసిన ఇంట్లో మనిషికి మిగిలిన ఒక్క పనిని ఆమె చేసింది. ఆ పని తర్వాత వచ్చే నిశ్శబ్దాన్ని లొంగిపోవడం అనుకుంటే పొరపాటు.

ఇదంతా మన గ్రూపులో ఎందుకు రాస్తున్నానంటే, కాగితం ఎవరి చేతిలో ఉంటే చరిత్ర వాళ్ల గొంతుతోనే మాట్లాడుతుందని మనకి ఇంకెవరూ చెప్పక్కర్లేదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీంని చంపినవాళ్ల కాగితాల్లో భీం వేరు, మన పాటల్లో భీం వేరు. ఆ మహారాణికి పాట కట్టే జనం కూడా లేకపోయారు. ఆమె గురించి రాసిందంతా ఆమెని తుడిచేయాలనుకున్నవాళ్లే రాశారు. అయినా వాళ్లు ఒక్క సంగతి దాచలేకపోయారు. ఆమెని తిట్టాలంటే ఆమె ఏం చేసిందో చెప్పాలి కదా! అలా 'జుట్టు కత్తిరించుకుంది' అన్న మాట చక్రవర్తి నోటితోనే రికార్డుకెక్కింది. పేరు కూడా మిగలని మనిషి, చేసిన ఆ పనితోనే రెండున్నర వందల ఏళ్లు దాటి మన హాస్టల్ రూముదాకా వచ్చింది.

అందుకే రికార్డులు చదివేటప్పుడు ఏం రాశారో చూడండి, ఎక్కడ రాయడం ఆపేశారో కూడా చూడండి. ఉదయం భోజనం లెక్కలో ఉన్న మనిషి సాయంత్రం లెక్కలో ఎందుకు లేదని అడగండి. చరిత్ర చదవడమంటే సగం అదే.

మా తమ్ముడు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. "అయినా ఒక్క మాట అనుంటే బాగుండేది అన్నా" అంటున్నాడు. మీలో ఎవరైనా చూసుంటే మీ మాట కూడా చెప్పండి. వాడి వైపు నిలబడ్డా నాకేం కోపం లేదు.

జోహార్.