బొటనవేలికి ముప్పై శాతం

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకున్నాక, ఔటర్ రింగ్ రోడ్డు తుక్కుగూడ మీదుగా సాగాక హైదరాబాద్ శివారు మంఖాల్ చుట్టుపక్కల భూముల ధరల గురించి పుటలకు పుటలు అచ్చయ్యాయి. ఆ ఊరి పారిశ్రామికవాడ షెడ్లలో పనిచేసే చేతుల గురించి అచ్చయింది చాలా తక్కువ. ఆ చేతులకు చట్టం ఒక ధర కట్టి ఉంచింది. ఆ ధరకు నూరేళ్లు దాటిన చరిత్ర ఉంది.

పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండు కోర్టులు పనిలో దెబ్బతిన్న కూలీకి చెప్పిన సమాధానం ఒకటే: ప్రమాదం ఉంటుందని తెలిసే పనిలో చేరావు, తోటి కూలీ పొరపాటుకు యజమానిది పూచీ కాదు. 1884లో జర్మనీ, 1897లో బ్రిటన్ ఈ వాదాన్ని వదులుకున్నాయి. తప్పెవరిదని అడగకుండా, పనిలో దెబ్బ తగిలితే యజమాని చెల్లించాలన్న సూత్రం అలా నిలబడింది. మన దగ్గరకు అది 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టంగా వచ్చి, 1924 జులై 1 నుంచి అమలైంది. అప్పట్లో మరణానికి 30 నెలల జీతం లేదా రూ.2,500, రెంటిలో ఏది తక్కువైతే అది. బెజవాడ, విశాఖ కూలీలకు ఆ మాత్రమైనా దక్కింది. అది బ్రిటిష్ ఇండియా చట్టం గనుక నిజాం రాజ్యంలోని మంఖాల్ అప్పట్లో దాని పరిధిలోకి రాలేదు.

ఈ చట్టంలో నన్ను ఎక్కువసేపు ఆపేది దాని మొదటి షెడ్యూలు. మనిషి శరీరాన్ని అది శాతాలుగా విడగొట్టింది. బొటనవేలు పూర్తిగా పోతే సంపాదనా శక్తిలో 30 శాతం నష్టం, చూపుడువేలికి 14, ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50. జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి నిర్ణయించిన అంకెతో గుణించి, వచ్చిన మొత్తంలో ఆ శాతం తీస్తారు. లెక్కకు తీసుకునే జీతం నెలకు రూ.15,000 మించకూడదని 2020 జనవరిలో నిర్ణయించారు. పాతికేళ్ల కుర్రాడికి ఆ అంకె 216.91. అంటే 9,000ను దానితో గుణిస్తే రూ.19,52,190, అందులో 30 శాతం రూ.5,85,657. ఆ జీతం మీద బొటనవేలి ఖరీదు అది. లెక్క క్రూరంగా కనిపిస్తుంది కానీ, లెక్కే లేని రోజుల్లో యజమాని దయే ధర అన్న సంగతి మరవకూడదు.

శాతం ఒక్కటే సరిపోదని కోర్టుకు చెప్పింది ఒక వడ్రంగి గాయం. ఒడిశా పట్టణం జయపురంలో, 1968 జులైలో సినిమా హాలు అలంకరణ పని చేస్తూ అతను కింద పడ్డాడు. ఎడమ చెయ్యి మోచేతి పైదాకా తీసేశారు. షెడ్యూలు ప్రకారం ఇది పాక్షిక వైకల్యమేనని యజమాని వాదించాడు. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు కాబట్టి నష్టం నూటికి నూరు అన్నాడు పరిహారం తేల్చే కమిషనర్. 1975 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ మాటనే నిలబెట్టింది. రూ.9,800 పరిహారంతో పాటు అందులో సగం జరిమానా కూడా పడింది. పరిహారం బాకీ కమిషనర్ తేల్చిన రోజున కాదు, దెబ్బ తగిలిన రోజునే పడుతుందని కోర్టు చెప్పింది. నెల దాటితే వడ్డీ, జరిమానా అన్న నియమానికి పదును పెట్టింది ఈ తీర్పే.

పవర్ ప్రెస్ ముందు నిలబడే మనిషికి ఇవన్నీ తెలియవు. రెండు చేతులతో రెండు బటన్లూ ఒకేసారి నొక్కితే తప్ప ప్రెస్ దిగకుండా చేసే ఏర్పాటు ఉంది. షిఫ్టు లెక్క అందుకోవాలనే తొందరలో ఒక బటన్ కట్టేస్తారు, గార్డు విప్పేస్తారు. దెబ్బ తగిలాక 'వాడే తీసుకున్నాడు' అనడం సులువు. కావాలని రక్షణ తీసేసిన కార్మికుడికి పరిహారం లేదని చట్టంలో ఉన్నమాట నిజం. అయితే మరణానికీ, శాశ్వత పూర్తి వైకల్యానికీ ఆ మినహాయింపు వర్తించదు. యంత్రానికి కంచె వేయించే బాధ్యతను 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ యాజమాన్యం మీదే పెట్టింది.

ఈఎస్ఐ కటింగ్ ఉన్నవాడి దారి వేరు. పనిలో దెబ్బ తగిలి ఇంట్లో ఉన్నన్నాళ్లూ జీతంలో దాదాపు 90 శాతం, వైకల్యం నిలిచిపోతే నెలనెలా సొమ్ము వస్తాయి. కాకపోతే యజమాని మీద విడిగా పరిహారం అడగడానికి వీల్లేదు.

అసలు చిక్కు యజమాని ఎవరన్న చోట వస్తుంది. బిహార్ నుంచో ఒడిశా నుంచో మేస్త్రీ వెంట వచ్చినవాడు కంపెనీ పేరు కూడా సరిగా చెప్పలేడు. దీన్ని 1923 చట్టమే ఊహించింది. కంపెనీ తన మామూలు పనినే కాంట్రాక్టరు చేత చేయిస్తే పరిహారం కంపెనీయే ఇచ్చి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలని దాని 12వ సెక్షన్ చెప్పింది. నా దృష్టిలో ఆ చట్టంలోని అతి దూరదృష్టి గల వాక్యం అదే, అమలులో అతి బలహీనమైనదీ అదే. పరిహారం తేల్చే అధికారి ముందు మొదట తేలాల్సింది దెబ్బ తగిలిన రోజు కార్మికుడు ఆ షెడ్డులో పనిలో ఉన్నాడా అన్నది. హాజరు పుస్తకం మేస్త్రీ దగ్గర ఉంటుంది, గేటు రిజిస్టరు కంపెనీ దగ్గర ఉంటుంది.

2025 నవంబరు 21న లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చాయి. 1923 నాటి పాత చట్టం సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. ఇంటి నుంచి పనికి వచ్చిపోయే దారిలో, పనితో సంబంధం రుజువైన ప్రమాదాలకూ పరిహారం ఉందని ఆ కోడ్ చెబుతోంది. నియామక పత్రం ఇవ్వడం యజమాని విధి అని మరో కోడ్ అంటోంది. మంఖాల్‌లో చెయ్యి పోగొట్టుకున్నవాడికి ఈ రెంటిలో ఎక్కువ అక్కరకొచ్చేది రెండోది.